వేషం కట్టిన ఊరు, కట్టని ఊరు

తిరుపతి గంగమ్మ జాతరకు చాటింపు వేసిన మరునాడు మా మేనమామ నా ఫోనులో ఫొటోలు చూస్తూ ఒక చోట ఆగిపోయాడు. ఎర్ర ముక్కు, చారల చొక్కా, నెత్తిన రంగుల టోపీ. జర్మనీలోని కొలోన్ నగర వీధిలో నేనే. నవ్వుతాడనుకున్నాను. “ఏమిరా అల్లుడూ, పరాయి దేశంలో రాని సిగ్గు సొంత ఊళ్ళో ఎందుకొచ్చింది? ఇన్నేళ్ళలో గంగమ్మకు ఒక్క బైరాగి వేషమైనా కట్టావా?” అని ఫోను నా చేతిలో పెట్టి అమ్మవారి గుడి ఉన్న తాతయ్యగుంట వైపు వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి మనసులోనే ఆయనతో వాదిస్తున్నాను. ఎదురుగా వాదిస్తే గెలవలేనని తెలుసు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మొదట అక్కడి సంగతి. జర్మనీలో నేను పనిచేసే ఆఫీసులో లెక్కల విభాగం చూసే ఆవిడ ఒకరున్నారు. ప్రయాణ ఖర్చుల కాగితాల్లో ఒక్క రసీదు తగ్గినా మొత్తం కట్ట వెనక్కి పంపేవారు. ఉత్తరంలో నమస్కారం కూడా ఉండేది కాదు. నేను చేరాక వచ్చిన మొదటి ఫిబ్రవరిలో, ఒక గురువారం పొద్దున ఆవిడ తేనెటీగ వేషంలో, తలమీద రెండు తీగ కొమ్ములతో, చేతిలో కత్తెరతో నా బల్ల దగ్గరికి వచ్చారు. మా అత్తగారింటివాళ్ళు పెళ్ళికి పెట్టిన టైని సగానికి కత్తిరించి, చెంప మీద ఒక ముద్దు పెట్టారు. ఆ రోజు ఆడవాళ్ళదట. 11 గంటల 11 నిమిషాలకు వీధుల్లో కార్నివాల్ అనే వేషాల పండుగ మొదలవుతుంది, కనిపించిన ప్రతి టై తెగుతుంది. తెలిసినవాళ్ళు పాత టైలు కట్టుకొస్తారు. నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆవిడ అది గమనించి, తన సంచిలోంచి ఒక ఎర్ర ముక్కు తీసి నా ముక్కుకు తగిలించి, “రండి, వేషం లేకుండా ఈ రోజు బయటికి వెళ్తే మీరే వింతగా కనిపిస్తారు” అని వీధిలోకి లాక్కుపోయారు. రసీదుల ఆవిడ! తర్వాతి సోమవారం పెద్ద ఊరేగింపులో బండ్ల మీదినుంచి జనం మీదికి చాక్లెట్లు, పూలు విసురుతుంటే, నా కోటు జేబులు నింపింది కూడా ఆవిడే.

ఇది మామకు చెబితే “అంటే మొహమాటానికి కట్టావన్నమాట” అంటాడు. కాదు. తర్వాతి ఏడాది నా అంతట నేనే వేషం కొనుక్కున్నాను. అందుకే ఆయన ప్రశ్న గుచ్చుకుంది.

నేను చెప్పుకునే మొదటి సమాధానం: అక్కడ వేషానికి మొక్కు అక్కర్లేదు. ఎవరైనా కట్టవచ్చు, ఏదైనా కట్టవచ్చు, మానవచ్చు. మన దగ్గర అలా కాదు కదా. అసలు వేషాలు కట్టే హక్కు కైకాల వంశంవాళ్ళది. మిగిలినవాళ్ళు కట్టేది మొక్కుంటేనే. బైరాగి అంటే ఒళ్ళంతా నామకొమ్ము, బండ అంటే కుంకుమ, తోటి అంటే బొగ్గు. ఏ రోజు వేషం ఆ రోజుదే. ఆడవాళ్ళను వేధించి, అమ్మవారికి భయపడి దాక్కున్న పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి ఆవిడ వేసిన ఎత్తులవి, ఆదివారం మగవాడు ఆడదానిలా కట్టే మాతంగి వేషం, చచ్చిన పాలెగాడి భార్యను ఓదార్చడానికి. సరదా పుట్టినప్పుడు పూసుకునే రంగులు కావు.

ఈ సమాధానం బాగుందనుకుంటూ మా అమ్మకు వినిపించాను. అమ్మ వంకాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే చెప్పింది: చిన్నప్పుడు నాకు ఒంటి మీద అమ్మవారు పోస్తే వేషం కట్టిస్తానని తాను మొక్కుకుందట. బడిపంతులు కొడుకు ఒళ్ళంతా రంగు పూసుకుని వీధిలో నాలుగు బూతులు తిడుతూ తిరగడం ఏమిటని నాన్న ఒప్పుకోలేదట. వేషానికి బదులు హుండీలో డబ్బు వేసి తీర్చేశాడట. తీర్చినట్టే కదా, అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఇంకో వంకాయ తీసుకుంది.

నాన్నకు మర్యాద అంటే ప్రాణం. కనుమ నాడు చంద్రగిరి పక్కన రంగంపేటలో పశువుల పండుగ చూపించేవాడు గానీ మిద్దె మీదినుంచే. కొమ్ములకు పలకలు కట్టిన పశువులు సందులో దూసుకొస్తుంటే నా వయసు పిల్లలు గోడలకు అతుక్కుని నిలబడేవాళ్ళు, పలక లాక్కోవడానికి ఎగబడేవాళ్ళు. ఒకడి చొక్కా చినిగేది, ఒకడి మోచెయ్యి చెక్కుకుపోయేది. నేను పైనుంచి ఈలలు వేసేవాణ్ణి. మా తరంలో చదువుకునే పిల్లలందరం అలా మిద్దెల మీదే పెరిగాం. మామ మాత్రం కింద ఉండేవాడు. ఆయన ఎడమ మోకాలు ఇప్పటికీ సరిగ్గా మడవదు. ఆ సంగతి మాత్రం గొప్పల్లో చెప్పడు.

కొలోన్‌లో నాకు మిద్దె దొరకలేదు, అంతే. అక్కడ పైనుంచి చూసేవాణ్ణి కింద ఉన్నవాళ్ళు వదలరు. ఫుట్‌బాల్ మైదానంలోనూ అదే వరస. ఊరి జట్టు, 1963లో మొదలైన జర్మనీ పై శ్రేణి లీగు బుందెస్‌లీగాలో మొట్టమొదటి విజేత. ఇప్పుడు కింది శ్రేణికి జారడం, మళ్ళీ ఎక్కడం దానికి అలవాటైపోయింది. 2024లో జారింది, 2025లో ఎక్కింది. జారిన ఏడాది కూడా మైదానంలో సందు లేదు. ఓడుతుంటే కూడా కండువాలు పైకెత్తి పాడుతూనే ఉన్నారు. మన ఇంట్లో క్రికెట్ ఓడితే టీవీ కట్టేసి, అన్నం దగ్గర ఎవరూ మాట్లాడరు. కొలోన్ మైదానం అంచున ఒక మేకపోతు నిలబడి ఉంటుంది. 1950లో ఒక సర్కస్ వాళ్ళు క్లబ్బుకు కానుకగా ఇచ్చిన మేకకు వారసుడిగా లెక్క. మామూలు రోజుల్లో జంతుప్రదర్శనశాలలో దానికి సొంత ఇల్లు. ఇదంతా చెబితే మామ, “జాతరప్పుడు మాత్రం ఇటు తీసుకురావద్దని చెప్పు” అన్నాడు.

ఆయన్ను గెలవాలని ఇంకో సంగతి తీశాను. ఆ కార్నివాల్‌ను ఏలేది ముగ్గురు: రాజకుమారుడు, రైతు, కన్య. ముగ్గురూ మగవాళ్ళే. కన్య వేషం కట్టేవాడు మీసం తీసేసి, జడలు పెట్టుకుని, పరికిణీ కట్టుకుని వారాల తరబడి సభలన్నీ తిరుగుతాడు. మగవాడు ఆడవేషం కట్టడం హిట్లర్ మనుషులకు నచ్చక 1938, 1939ల్లో ఆడవాళ్ళచేత వేయించారు. యుద్ధం తర్వాత మళ్ళీ మగవాళ్ళే. “చూశావా,” అన్నాను, “మీ మాతంగి లాంటిదే.” మామ ఆలోచించి, “వాళ్ళకు మొక్కులేదంటివి కదా, అయినా మీసం తీస్తారా?” అన్నాడు. తీస్తారన్నాను. మొదటిసారి ఆయన ముఖంలో కొలోన్ మీద కాస్త గౌరవం కనిపించింది.

ఆ ఊరివాళ్ళను చూసి నేను అసూయపడేది మాత్రం వేషాలకు కాదు, పాటలకు. కార్నివాల్ పాటలు వాళ్ళ యాసలో ఉంటాయి. పుస్తకాల జర్మన్ నేర్చుకున్న నాకు మొదట సగం అర్థమయ్యేవి కావు. బస్సు డ్రైవరు, బ్యాంకు అధికారి, బడిపిల్ల అందరికీ చరణాలతో సహా వచ్చు. ఏటా కొత్తవి కడతారు. పండుగకు ముందు వారాల్లో బీరు అంగళ్ళలో పాటల కాగితాలు పంచి, అందరూ కలిసి పాడి, తమకు నచ్చినదానికి ఓటు వేస్తారు. బీరు తెచ్చేవాడు సన్నటి గ్లాసు ఖాళీ కాగానే అడక్కుండా ఇంకోటి పెడతాడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు, గ్లాసు మీద అట్టముక్క పెడితేనే ఆగుతాడు. అలాంటి చోట, పొరుగు బల్లమీది ముసలాయన తన కాగితాన్ని నా వైపు జరిపి, నేను పాడవలసిన వరస వేలితో చూపించాడు. నా ఉచ్చారణకు ఎవరూ నవ్వలేదు.

మన జాతరలో పాట ఎక్కడుంది? ఆ సాయంత్రం మా వీధి పందిట్లో నా ఎత్తు స్పీకర్లు రెండు. ఉదయం నుంచీ సినిమా పాటలే. పలక డప్పులు కొట్టేవాళ్ళు నలుగురు గోడ పక్కన వాటిని బోర్లించి కూర్చున్నారు. వాళ్ళు వాయిస్తే వేషాలకు కాళ్ళు ఆగవు. ఆ దరువు చిన్నప్పుడు మిద్దె మీదికి కూడా వచ్చేది. ఉండబట్టలేక పందిరి చూసుకునే కుర్రవాడి దగ్గరికి వెళ్ళి కాసేపు ఆ పెట్టెలు ఆపమన్నాను. “అన్నా, జాతర అయిపోగానే విమానం ఎక్కే నీకెందుకన్నా ఇదంతా” అన్నాడు. విమానం ఎక్కేవాడికి కూడా చెవులుంటాయని చెప్పాను. కొలోన్ సంగతి కూడా ఎత్తబోయాను గానీ, వాడి చూపు చూసి మానుకున్నాను. కాసేపు నిలబడే ఉన్నాను. స్పీకర్లు ఆపలేదు. నన్ను వదిలించుకోవడానికో ఏమో, పలకలవాళ్ళకు మాత్రం టీ తెప్పించాడు, బిల్లు నా పేరున రాయించి.