గీతకు ఒక వీధి అవతల

మొన్న జూలైలో ఒక రాత్రి పై వీధి అవ్వ మా తలుపు బాది మరీ నన్ను తిట్టింది. తొమ్మిదేళ్లుగా హిరోషిమాలో ఉంటున్నాను. అక్కడ అప్పటిదాకా నా మీద గొంతు పెంచిన మనిషి లేరు. పైగా నేను చేసేదే పటాలు గీసే ఉద్యోగం.

సాయంత్రం నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. ఫోన్‌కు హెచ్చరిక రాగానే మ్యాప్ తెరిచాను. కొండచరియలు పడే ముప్పున్న చోటుకు పసుపు, ఇళ్లు కూలేంత ముప్పుంటే ఎరుపు. మా ఇల్లు పసుపుకు ఒక వీధి అవతల, తెలుపులో ఉంది. ధైర్యంగా పడుకున్నాను. ఎనభై దాటిన ఆ అవ్వ రెయిన్‌కోటుతో, టార్చిలైటుతో వచ్చింది. ఆమెకు కూడా మ్యాపే చూపించాను.

"గీతకు బయట ఉన్నావు సరే, కొండకు బయట ఉన్నావా?" అని చెయ్యి పట్టుకుని, అందరూ తలదాచుకునే స్కూలుకు లాక్కుపోయింది.

ఆ రాత్రి ఏ కొండా జారలేదు. నాకు మాత్రం ఆ మాట ఇంకా అరగలేదు.

ఆ గీత ఎలా పడుతుందో నాకు తెలుసు. వాలు కనీసం 30 డిగ్రీలు, ఎత్తు కనీసం 5 మీటర్లు ఉన్న కొండ అయితే, దాని ఎత్తుకు రెండింతల దూరం దాకా కింద పసుపు వేస్తారు, 50 మీటర్లకు మించకుండా. రాళ్లూ బురదా కలిసి దిగే లోయ అయితే, నేల వాలు 2 డిగ్రీలకు తగ్గేదాకా వేస్తారు. లెక్క మంచిదే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ లెక్కకు ముందు ఎత్తుల పటం కావాలి. అందులో సన్న వాగుజాడ ఒకటి దొరక్కపోతే, దాని కిందున్న ఇల్లు తెలుపులోనే ఉండిపోతుంది.

1999లో ఇదే హిరోషిమాలో కొండలు జారాకే, 2000లో ఈ జోన్ల చట్టం వచ్చింది. 2014 ఆగస్టు 20 తెల్లవారుజామున మళ్లీ జారాయి. 77 మంది పోయారు. ఆ ఇళ్లలో చాలావాటికి అప్పటికి ఏ రంగూ పడలేదు. పని పూర్తికాని పటంలో తెలుపంటే ముప్పు లేదనా, ఇంకా ప్రకటించలేదనా? రెండింటికీ రంగు ఒకటే.

అక్కడి మట్టిని మాసా అంటారు. గ్రానైటు బండ చివికి అయిన గరుకు మట్టి. గుప్పిట్లోకి తీసుకుంటే అచ్చం మన మొరమే. నలిపితే పలుకులు పలుకులుగా రాలుతుంది. నీళ్లు తాగితే నిలవదు.

సెలవుకు భూపాలపల్లి వచ్చి, ఇదంతా బాపుకు చెప్పాను. ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగిన మనిషి. "మేము కప్పు కొట్టి చూసేటోళ్లం బిడ్డా. ఖంగుమంటె బండ గట్టిగున్నట్టు, డొల్ల మోతొస్తె ఎనక్కి జరుగుడే. పొద్దుగాల చూసిండ్రు గదా అని ఊకునుడు లేదు, మళ్ల కొట్టాలె" అన్నాడు.

'మీ జపాన్‌లో అయితేనా' అని ఇక్కడ ఎవరైనా మొదలుపెడితే నాకు మనసొప్పదు. పటం లేకపోయినా మనవాళ్లకు వాగు నడక తెలుసని వాదించేవాడిని. ఈ జిల్లాలోనే ఉన్న మోరంచపల్లి గుర్తొస్తే ఆ వాదన కూడా నిలబడదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వాన కురుస్తుండగానే, తెల్లారకముందే మోరంచవాగు ఊరి మీద పడింది. జనం ఇళ్ల పైకప్పులెక్కారు. ఆ వాగును పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్లే వాళ్లంతా.

బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ అవ్వ ఇల్లు గీతకు ఎటు దిక్కుంటది?" అని అడిగాడు.

"లోపల. పసుపులో."

"ఒక్కతే ఉంటదా?"

"ఒక్కతే."

"మరి నువ్వే ముందుగాల పోయి ఆమెను తోల్కరావాలె గదరా."