సముద్రం లేని ఊళ్లో అడ్మిరల్

మా నాన్నగారు విశాఖ డాక్‌యార్డులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు, అందుకే ఆస్టిన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు మాల్స్ తిప్పడం మానేసి నేరుగా ఫ్రెడరిక్స్‌బర్గ్ తీసుకెళ్లాను. దారంతా గుట్టలు, పీచ్ తోటలు. ఉప్పుగాలి సోకని ఈ ఊళ్లోనే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్ 1885లో పుట్టాడు. పుట్టేనాటికే తండ్రి లేడు. తాత ఓడ ఆకారంలో కట్టుకున్న హోటలే ఇప్పుడు పసిఫిక్ యుద్ధ మ్యూజియంలో ఒక భాగం.

నాకు బాగా ఇష్టమైన సంగతి 1908 నాటిది, నాన్నకి అక్కడ నిలబడే చెప్పాను. ఇరవై మూడేళ్ల నిమిట్జ్ చేతికి డెకాటర్ అనే చిన్న యుద్ధనౌక (డిస్ట్రాయర్) ఇస్తే ఫిలిప్పీన్స్‌లో దాన్ని నేలకు తగిలించేశాడు. కోర్టు మార్షల్ జరిగింది, మందలించి వదిలేశారు. జపాన్ దాడి జరిగిన కొన్నాళ్లకే, 1941 డిసెంబర్ 31న హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో పసిఫిక్ నౌకాదళం పగ్గాలు తీసుకున్నప్పుడు, దెబ్బతిని తలదించుకున్న పాత అధికారుల్ని పంపించేయకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. పాత మందలింపు గుర్తుండబట్టే అలా చేశాడని నా నమ్మకం.

నాన్న మనసుని పట్టుకుంది మాత్రం యార్క్‌టౌన్. జపాన్‌తో కోరల్ సీ యుద్ధంలో బాంబు దెబ్బతిని వచ్చిన ఆ విమాన వాహక నౌకకి మూడు నెలల రిపేరు ఉందన్నారు, నిమిట్జ్ రబ్బరు బూట్లేసుకుని డ్రైడాక్‌లోకి దిగి అడుగుభాగం చూసొచ్చి మూడు రోజుల్లో కావాలన్నాడు, సుమారు పద్నాలుగు వందల మంది రాత్రీపగలూ పనిచేశారు, 1942 మే 30న ఓడ బయల్దేరింది. జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర జరిగిన యుద్ధంలో జపాన్ నాలుగు విమాన వాహక నౌకలు పోగొట్టుకుంది. యార్క్‌టౌన్ కూడా అక్కడే మునిగింది.

"మూడు రోజులేంట్రా! దెబ్బతిన్న ప్లేట్లు కోసి తీయడానికే చాలదు" అన్నారు నాన్న. ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

1949లో కాశ్మీర్ ప్రజాభిప్రాయ సేకరణ జరిపించడానికి ఐక్యరాజ్యసమితి ఎంచుకుంది కూడా నిమిట్జ్‌నే, ఆ సేకరణ మాత్రం జరగనే లేదు.

మ్యూజియం వెనక జపాన్ వాళ్లు కానుకగా ఇచ్చిన తోట ఉంది. 1905లో కుర్రాడిగా టోక్యోలో జపాన్ నౌకాదళ అడ్మిరల్ టోగోని కలిసిన నిమిట్జ్, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక టోగో ఓడ మికాసా శిథిలమైపోకుండా కాపాడటానికి సాయపడ్డాడు. జపాన్‌ని ఓడించిన మనిషే!

నాన్న అక్కడ నీళ్ల పక్కన కూర్చుని, "ఆ పద్నాలుగు వందల మంది పేర్లు ఎక్కడైనా రాశారా?" అని అడిగారు.