ఇంత కష్టం ఒక్క రాగి ముద్ద కోసం

మూడు రాత్రులుగా శామ్యూల్ హెర్న్ యాత్రా దినచర్య వదల్లేకపోతున్నా. బొచ్చు వ్యాపారం చేసే హడ్సన్ బే కంపెనీ పంపితే, ఇప్పటి కెనడా ఉత్తరాన రాగి గనులు వెతుక్కుంటూ కాలినడకన వెళ్లాడు. మొదటి రెండుసార్లూ ఉత్తచేతులే. రెండోసారైతే తను భోంచేస్తుంటే ఈదురుగాలికి క్వాడ్రెంట్ (సూర్యుణ్ణి బట్టి తామెక్కడున్నామో లెక్కగట్టే పరికరం) పడి విరిగిపోయింది! చదువుతూ నవ్వాను, పాపం.

మూడోసారి అక్కడి ఆదివాసులైన డెనేల నాయకుడు మటొనబ్బీ దారి చూపించాడు. నిజానికి ఈ ప్రయాణం అతనిదే అనాలి. 1771 జులైలో ఆర్కిటిక్ సముద్రం చేరారు. గంటల తరబడి వెతికితే దొరికింది సుమారు నాలుగు పౌండ్ల రాగి ముద్ద. తిరుగు దారిలో కాలిగోళ్లు ఊడి, అడుగడుగునా నెత్తుటి ముద్రలు పడ్డాయట.

కానీ నన్ను ఆపేసింది కాపర్‌మైన్ నది జలపాతం దగ్గరి పేజీ. తనతో వచ్చినవాళ్లు గుడారాల్లో నిద్రపోతున్న ఇన్యూట్లను (ఆర్కిటిక్ ఆదివాసులను) చంపుతుంటే, పద్దెనిమిదేళ్ల పిల్ల తన కాళ్లకు చుట్టుకుపోయిందని రాశాడు. కాపాడలేకపోయాడు. అక్కడ ఫోన్ బోర్లా పెట్టేసి, వెళ్లి మంచినీళ్లు తాగొచ్చా.

ఆయన 1792లో పోయాడు. పుస్తకం 1795లో అచ్చయింది. చూసుకోనే లేదు.