గొడుగా, అంబ్రెల్లానా?

ఈ దేశం వచ్చి ఆరేళ్లయింది. ఆస్పత్రిలో ఎమ్మారై టెక్నీషియన్‌ని. డ్యూటీలో తెలుగు అవసరం పడదు. అలాంటిది ఒకరోజు సెలవులో ఉంటే ఫోన్ చేసి పిలిపించారు.

అరవై దాటిన తెలుగావిడ. మెదడులో ఎడమవైపు గడ్డ. ఎడమచేతి వాటం కూడా, అదీ చిక్కు. కుడిచేతి వాటం వాళ్లలో నూటికి దాదాపు 95 మందికి మాటని నడిపే చోటు మెదడులో ఎడమవైపే ఉంటుంది. ఎడమచేతి వాళ్లలో మాత్రం సుమారు 70 మందికే. అందుకే ఆపరేషన్‌కి ముందే ఫంక్షనల్ ఎమ్మారై, అంటే మెదడులో ఏ చోటు పనిచేస్తుందో చూపే స్కాన్, తీశారు, ఇంగ్లీషులో. ఏమీ సరిగ్గా రాలేదు. ఫైల్లో 'ఇంగ్లీషు వచ్చు' అని ఉంది. ఆ 'వచ్చు'కి ఎన్ని అర్థాలో నాకు తెలుసు. మొదటి ఏడాదంతా నాదీ ఆ ఇంగ్లీషే.

ముప్పై సెకన్లు మాటలు తలచుకోవాలి, ముప్పై సెకన్లు ఊరుకోవాలి. పనిచేసే చోటికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా వస్తుంది, అదీ ఐదారు సెకన్లు ఆలస్యంగా. మెషిన్ పట్టేది ఆ కాస్త తేడానే. పైకి మాట్లాడితే తల కదిలి బొమ్మ పాడవుతుంది.

"క అక్షరంతో మొదలయ్యే మాటలు మనసులోనే అనుకోండమ్మా," అన్నాను మైకులో.

"క ఒక్కటేనా నాయనా, గుణింతం కూడానా?"

గుణింతం మొత్తం అన్నాను. ఏమడిగిందని పక్కనున్న డాక్టరు అడిగాడు. రెండు నిమిషాలు చెప్పి చూసి వదిలేశాను.

ఈసారి మ్యాపు స్పష్టంగా వచ్చింది. మాట ఎడమవైపే, గడ్డకి ఆనుకుని. అయినా సర్జన్ దాన్నొక్కదాన్నే నమ్మడు. గడ్డ దగ్గర రక్తనాళాలు సరిగా స్పందించక, పనిచేసే చోటు కూడా ఖాళీగా కనిపించొచ్చు. పుర్రె తెరిచాక మెదడు కాస్త జరుగుతుంది కూడా. అందుకే ఆవిణ్ని మెలకువగా ఉంచి, మెదడుకి చిన్న కరెంటు తాకిస్తూ బొమ్మల పేర్లు అడిగారు. తాకిన చోటు కాసేపు పనిచేయదు, అది మాటకి కావాల్సిన చోటైతే పేరు తప్పుతుంది. మెదడుకి నొప్పి తెలీదు. తప్పొప్పులు చెప్పడానికి నన్ను పక్కన నిలబెట్టారు. నాకే ఎక్కువ టెన్షన్.

గొడుగు బొమ్మ చూపించారు. "ఇది... అంబ్రెల్లా."

అందరూ నావైపు చూశారు. ఇంట్లో మనం అనేదీ చాలాసార్లు అదే మాట! అలవాటా, కరెంటా? రెండు భాషలు వచ్చినవాళ్లలో ఒక్కో భాషకి కొన్ని చోట్లు వేరుగా ఉంటాయని 1978లోనే ఓజిమన్, విటేకర్ అనే పరిశోధకులు చూపించారు. నాకేం తేలక, మళ్లీ అడగమన్నాను. కరెంటు లేకుండా చూపిస్తే వెంటనే "గొడుగు" అంది. ఇంకేవో బొమ్మల తర్వాత అదే చోట తాకిస్తే మళ్లీ అంబ్రెల్లా. మూడోసారీ అంతే.

సర్జన్ అక్కడ అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెట్టాడు. కత్తి అక్కడికి పోదు.

"తప్పు చెప్పానా నాయనా?"

"లేదమ్మా. తర్వాతి బొమ్మ చూడండి."