టోక్యో నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు: దూరాన్నీ కాలాన్నీ నేను లెక్కకట్టిన తీరు

ఒక శీతాకాలంలో ఉద్యోగరీత్యా టోక్యో నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లిరావలసి వచ్చింది. ప్రయాణం ఎన్ని గంటలో తెలుసుకుందామని టైంటేబుల్ చూస్తే, ఆదివారం సాయంత్రం 5 గంటలకు బయలుదేరే విమానం అదే ఆదివారం ఉదయం 9 గంటలకు దిగుతుందని ఉంది. పొరపాటున అలా పడిందనుకున్నాను. సందేహం తీరేదాకా టికెట్ తీసుకోకూడదని నిశ్చయించుకుని, మొదటి నుంచి లెక్క నేనే వేయడానికి కూర్చున్నాను.

ముందు దూరం సంగతి చూశాను. టోక్యో 35.7, శాన్ ఫ్రాన్సిస్కో 37.8 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మీద ఉన్నాయి గనుక, గోడ పటం మీద పసిఫిక్‌కు అడ్డంగా స్కేలు పెట్టి గీత గీస్తే చాలుననిపించింది. ఆ గీత వెంబడి సుమారు 8,730 కిలోమీటర్లు వచ్చాయి. తర్వాత 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టుకున్నాను. దారం అడ్డంగా నిలవకుండా ఉత్తరానికి జరిగి, అలాస్కా నుంచి పడమరగా సాగే అలూషియన్ దీవులకు దిగువగా వెళ్లింది. పొడవు 19.5 సెంటీమీటర్లు, ఆ గ్లోబు మీద సెంటీమీటరుకు దాదాపు 425 కిలోమీటర్లు. త్రికోణమితి సూత్రంతో సరిచూస్తే దూరం సుమారు 8,270 కిలోమీటర్లని తేలింది. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరచడం వల్లనే పటం నాకు 460 కిలోమీటర్లు ఎక్కువ చూపిందని అప్పుడు అర్థమైంది. దారం చూపిన దారినే మహావృత్త మార్గమంటారు.

ఇక కాలం. విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుంటే 9.2 గంటలు పట్టాలి. కానీ టైంటేబుల్ ప్రకారం తిరుగు ప్రయాణానికి దాదాపు 11 గంటలు పడుతోంది. దూరం ఒకటే అయినప్పుడు కాలం ఎందుకు మారుతుందన్న ప్రశ్నే నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది. జపాన్ మీదుగా చాలా ఎత్తున, వేగంగా తూర్పుకు వీచే గాలి ప్రవాహమైన జెట్ స్ట్రీమ్ దానికి కారణం. 1920లలోనే బెలూన్లు ఎగరేసి ఆ గాలులను కొలిచిన జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి తన ఫలితాలను, అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని కృత్రిమంగా రూపొందించిన ఎస్పరాంటో భాషలో ప్రచురించారు. అంత విలువైన పరిశీలన చాలాకాలం ఎక్కువమందికి చేరకపోవడం నాకు బాధ కలిగించింది. గాలి సగటున గంటకు 80 కిలోమీటర్లు కలిసివస్తుందనుకుంటే వెళ్లేటప్పుడు దాదాపు 8.4 గంటలు, ఎదురైతే వచ్చేటప్పుడు 10 గంటలకు పైగా పడతాయి. విమానం రన్‌వే దాకా వెళ్లడానికీ, పైకి లేవడానికీ, కిందికి దిగడానికీ అరగంటకు పైగా కలిపితే టైంటేబుల్ అంకెలకు దగ్గరగా వచ్చాను.

మిగిలింది తేదీ. శీతాకాలంలో టోక్యో శాన్ ఫ్రాన్సిస్కో కంటే 17 గంటలు ముందుంటుంది. సాయంత్రం 5కు 9 గంటలు కలిపితే టోక్యోలో సోమవారం తెల్లవారుజామున 2 గంటలు. అందులోంచి 17 తీసేస్తే ఆదివారం ఉదయం 9. టైంటేబుల్ సరైనదే. అదే లెక్కన శనివారం మధ్యాహ్నం 12కు శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరితే టోక్యో చేరేది ఆదివారం సాయంత్రం 4 గంటలకు. ఆ ఉదయానికి ఒప్పుకున్న పనిని వెంటనే సోమవారానికి మార్చుకున్నాను.

వెళ్లేటప్పుడు సీటు ముందు తెర మీద మా మార్గం నా దారం కంటే దక్షిణంగా సాగింది. దారి కొంత పొడవైనా గాలి బలంగా ఉన్నచోటికే విమానం వెళుతోందని, లెక్క వేసుకుని ఉండబట్టి, ఎవరినీ అడగకుండానే తెలుసుకోగలిగాను. తిరుగు ప్రయాణంలో అది ఉత్తరానికి జరిగి అలాస్కా వైపు వంగింది.