గ్యాస్ పైపులైన్ ఒప్పందంలో నగరం పట్టుబట్టాల్సింది ఎక్కడ?

హైదరాబాద్‌లో ఇంటింటికీ గ్యాస్ ఇచ్చే భాగ్యనగర్ గ్యాస్ అనేది కేంద్ర ప్రభుత్వరంగ కంపెనీలైన గెయిల్, హెచ్‌పీసీఎల్‌ల ఉమ్మడి సంస్థ. ఇలాంటి కంపెనీలకు అనుమతిచ్చేది 2006 చట్టంతో ఏర్పడిన కేంద్ర నియంత్రణ మండలి. ఇక నగరం చేతిలో మిగిలే అసలు తాళంచెవి రోడ్డు తవ్వకం అనుమతే. బేరమంతా అక్కడే ఆడాలి.

కాలనీల్లో వేసేది ప్లాస్టిక్ పైపు, ఒత్తిడి 4 బార్ వరకు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఇంటి పొయ్యి దగ్గరికొచ్చేసరికి రెగ్యులేటర్లు దాన్ని 21 మిల్లీబార్‌కు దించుతాయి. పైపు మీద కనీసం మీటరు మట్టి ఉండాలి, పైన హెచ్చరిక పట్టీ పరవాలి. మన నేలలో చాలాచోట్ల మీటరు లోపే రాయి తగులుతుంది; కాంట్రాక్టరు లోతు తగ్గించేది అక్కడే. రాయి వస్తే ఏం చేయాలో ముందే రాయించుకోవాలి.

రోడ్డు కోయకుండా నేల లోపల అడ్డంగా డ్రిల్ చేసి పైపు లాగుతామంటే సంతోషమే కానీ, అసలు ముప్పు అందులోనే ఉంది. డ్రిల్ మురుగు గొట్టంలోంచి దూసుకుపోయినా పైకి ఏమీ తెలియదు; గ్యాస్ పైపు ఆ గొట్టంలోనే ఉండిపోతుంది. ఎన్నాళ్లకో మురుగు అడ్డుపడి, శుభ్రం చేసే కడ్డీ దింపితే గ్యాస్ పైపు పగిలి, ఆ వాయువు ఇళ్లలోకి పాకుతుంది. అందుకే జలమండలి (నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ) లైను దాటే ప్రతిచోటా చేత్తో గుంత తవ్వి చూడాలి. డ్రిల్ అయ్యాక మురుగు గొట్టంలో కెమెరా తిప్పించాలి. పైపు నిజంగా ఎక్కడ పడిందో ఆ మ్యాపు ఇచ్చేదాకా చివరి అనుమతి ఆపాలి.

పూడ్చడం సంగతి అందరికీ తెలిసిందే. మట్టిని 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి, ఒకేసారి కుమ్మరిస్తే తొలకరికే కుంగుతుంది. రోడ్డు బాగుచేతకు హామీగా కంపెనీ ఇచ్చే బ్యాంకు గ్యారంటీని కనీసం ఒక వానాకాలం దాటాకే వదలాలి.