నీళ్లకు కరిగే గాజు: లారీ హెంచ్ చేసిన పని

గాజు మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది తాపత్రయం ఒక్కటే: గాజు నీళ్లకు చెక్కుచెదరకూడదు. లారీ హెంచ్ దీనికి సరిగ్గా ఎదురు నడిచారు. 1964లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరిన ఆయన, కరిగే గుణాన్నే ఆసరా చేసుకుని ఎముకకు అతుక్కునే గాజును తయారుచేశారు.

1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని సాగమోర్‌లో అమెరికా సైన్యం నిర్వహించే పదార్థాల సదస్సుకు బస్సులో వెళ్తుంటే, వియత్నాం నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఒక కర్నల్ పక్కన కూర్చున్నారు. రేడియేషన్‌ను తట్టుకునే పదార్థం చేయగలిగినప్పుడు మనిషి ఒంట్లో నిలిచేది ఎందుకు చేయలేరని ఆ కర్నల్ అడిగారట. లోహాన్నో ప్లాస్టిక్‌నో ఒంట్లో పెడితే శరీరం దాని చుట్టూ మచ్చలాంటి పొర కట్టి వేరుచేస్తుంది. ఎముకలోని ఖనిజం హైడ్రాక్సీఅపటైట్. ఇంప్లాంటు (ఒంట్లో అమర్చే ముక్క) మీద ఆ ఖనిజమే దానంతటది పేరుకుంటే శరీరం దాన్ని వెలివేయదని హెంచ్ ఊహించారు.

ఆయన ఎంచుకున్న మిశ్రమం పేరు 45ఎస్5. బరువు లెక్కన సిలికా 45, సోడియం ఆక్సైడ్ 24.5, కాల్షియం ఆక్సైడ్ 24.5, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6 శాతం. కిటికీ గాజులో సిలికా 70 శాతం దాటుతుంది. సిలికా తగ్గితే లోపలి అల్లిక వదులవుతుంది, సోడియం సులువుగా బయటికొస్తుంది. పైగా ఈ పాళ్లు తక్కువ వేడికే కరిగే కూర్పుకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి కరిగించడం తేలిక. సిలికా 60 శాతం దాటితే, కరిగించి పోసిన గాజు ఎముకకు అతకదు. ఫ్లోరిడాలోనే ఉన్న ఎముకల వైద్యుడు టెడ్ గ్రీన్లీ ఈ గాజు ముక్కల్ని ఎలుకల తొడ ఎముకల్లో ఆరు వారాలు ఉంచి చూశారు. పోలిక కోసం పెట్టిన మామూలు ముక్కలు జారి వచ్చేశాయి. ఇవి మాత్రం ఎంత నెట్టినా కదల్లేదు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి.

ఒంట్లోని ద్రవం తగలగానే గాజులోని సోడియం బయటికి వెళ్లి, దాని చోటుకి హైడ్రోజన్ వస్తుంది. చుట్టూ క్షారత పెరిగి సిలికా బంధాలు తెగుతాయి, పైన సిలికా జెల్ పొర మిగులుతుంది. దాని మీద కాల్షియం, ఫాస్ఫేట్ పేరుకుని, ద్రవంలోని కార్బొనేట్‌ను కలుపుకుని ఎముక ఖనిజంలాంటి స్ఫటికాలవుతాయి.

ల్యాబులో 100 గ్రాముల గాజు కావాలంటే సిలికా 45 గ్రాములు, సోడియం కార్బొనేట్ 41.9, కాల్షియం కార్బొనేట్ 43.7, అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 9.7 గ్రాములు తూచాలి. మొత్తం 140 గ్రాముల పైచిలుకు. అందులో 40 గ్రాములు కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, ఆవిరి రూపంలో పోతాయి. సోడియం కార్బొనేట్ చెమ్మ పీలుస్తుంది, ఆరబెట్టకుండా తూస్తే పాళ్లు తప్పుతాయి. క్రూసిబుల్‌ను (గాజు కరిగించే పాత్రను) సగానికి మించి నింపకుండా, 900 డిగ్రీల దగ్గర గంటసేపు ఆపి వాయువులు పోనివ్వాలి. తొందరపడి నేరుగా 1350కి తీసుకెళ్తే నురగ పొంగి ఫర్నేసు అడుగున పడుతుంది. ఫర్నేసులో గాలి ధారాళంగా ఆడాలి. లేకపోతే ఫాస్ఫేట్ క్షయకరణం చెంది ప్లాటినం క్రూసిబుల్ పెళుసెక్కుతుంది. ప్లాటినం ఖరీదని అల్యూమినా క్రూసిబుల్ వాడటం పెద్ద పొరపాటు: కరిగిన గాజు దాని గోడల్ని తినేస్తుంది, అల్యూమినా ఒకటి రెండు శాతం కలిసినా అతికే గుణం బాగా తగ్గిపోతుంది. కరిగిన గాజును నీళ్లలో పోస్తే వెంటనే తీసి ఆరబెట్టాలి, ఎందుకంటే అది ఆ నీళ్లతోనే చర్య మొదలుపెడుతుంది. జల్లెడ పట్టేటప్పుడు కూడా నీళ్లొద్దు, ఇథనాల్ వాడాలి.

శరీర ద్రవాన్ని పోలిన ద్రావణంలో పరీక్షించేటప్పుడు ఎక్కువగా తప్పేది పొడి మోతాదు. 50 మిల్లీలీటర్లకు 75 మిల్లీగ్రాములు చాలు. ఎక్కువ వేస్తే కాల్షియం, క్షారత ఒక్కసారిగా పెరిగి ఎముక ఖనిజమైన అపటైట్‌కు బదులు కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) వస్తుంది. తీశాక అసిటోన్‌తో కడిగితేనే చర్య ఆగుతుంది. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో 26, 32 డిగ్రీల దగ్గర శిఖరాలు, ఇన్‌ఫ్రారెడ్‌లో 560, 600 సెం.మీ⁻¹ దగ్గర జంట శిఖరాలు కనబడితే అపటైట్ వచ్చినట్టే.

ఈ గాజు పెళుసు, బరువు మోయలేదు. అందుకే 1985లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి ఉత్పత్తి మధ్య చెవిలోని ఎముకల కోసం వచ్చింది. 1993లో వచ్చినది పంటి చుట్టూ అరిగిన ఎముక కోసం. పళ్లు జివ్వుమనేవాళ్లకిచ్చే కొన్ని టూత్‌పేస్టుల్లో ఇదే గాజుపొడి ఉంటుంది, డబ్బా మీద కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని రాస్తారు. 1995లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి మారాక, హెంచ్ అక్కడి పరిశోధకురాలు జూలియా పోలాక్‌తో కలిసి మరో ముఖ్యమైన సంగతి చూపించారు: గాజు నుంచి కరిగి వచ్చే అయాన్లు ఎముక కణాల్లోని జన్యువుల పనినే ఉత్తేజపరుస్తాయి. హెంచ్ 2015లో కన్నుమూశారు.

గుల్ల నిర్మాణాలు చేయబోతే 45ఎస్5 ఇబ్బంది పెడుతుంది. పొడి రేణువులు ఒకదానికొకటి సరిగా అతుక్కునేలోపే స్ఫటికాలు పుట్టుకొస్తాయి. అందుకే పొటాషియం, మెగ్నీషియం కలిపి సిలికా 53 శాతానికి పెంచిన 13-93 లాంటి గాజులు వచ్చాయి.

నాగార్జున, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో గాజు మీద ఎన్నో పీహెచ్‌డీలు వచ్చాయి. ఈ బాటలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లు పాళ్లు మార్చే ముందు ఒక లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు కాల్షియం బదులు స్ట్రాన్షియం వేస్తారనుకుందాం. కాల్షియం ఆక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 56, స్ట్రాన్షియం ఆక్సైడ్‌ది దాదాపు 104. గ్రాముకు గ్రాము మారిస్తే అల్లికను వదులు చేసే ఆక్సైడ్ మోల్స్ దాదాపు సగమైపోతాయి, సిలికా వాటా పెరిగి గాజు నిదానంగా కరుగుతుంది. వచ్చిన తేడా స్ట్రాన్షియం వల్లనా, అల్లిక బిగిసినందువల్లనా తేల్చలేం. మోల్‌కు మోల్ మార్చి, మళ్లీ బరువుల్లోకి తెచ్చి తూచాలి.